నూట ఇరవై, ఎనభై

నర్సు ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టి, "అక్కా, చెయ్యి వదులుగా పెట్టండి" అంది.

ఆ పిలుపుకి ఆమె గుండె ఒక్క గంతు వేసింది. నలభై దాటిన బతుకులో తనను చూసి ఆ మాట అన్నవాళ్ళు లేరు. పని దగ్గర తోటివాళ్ళు ఒరేయ్ అంటారు, చిన్నవాళ్ళు అన్నా అంటారు. వాళ్ళ లెక్కన ఆమె భుజాలు వెడల్పయిన మగవాడు, రోజూ గడ్డం గీసుకునే టవర్ క్రేన్ ఆపరేటరు. ఆ ఒంట్లో ఉన్నది ఆడమనిషని తెలిసింది చెల్లెలికీ, ఈ ఆసుపత్రికీ. ఎవరు ఎవరన్నది ఎవరికి వాళ్ళు చెప్పాల్సిన మాట కాబట్టి, నేనూ ఆమె అనే చెబుతాను.

మిషను గుయ్యిమంటూ గాలి ఊది, బుస్సుమని వదిలింది. నర్సు అంకెల వంక చూసి, పట్టీ సరిచేసి, "మెట్లెక్కి వచ్చారా? కాసేపు కూర్చోండి అక్కా, మళ్ళీ చూద్దాం" అంది. మళ్ళీ అక్కా. అలా పిలుస్తూ కూర్చుంటే ఎవరి గుండె మాత్రం కుదురుగా ఉంటుంది? కాసేపాగి చూసినా నూట డెబ్బై మీదే ఉంది. కింది అంకె కూడా వంద దాటింది.

డాక్టరమ్మ ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసింది. మనసు తెలుసుకోవడానికి మాటలతో చేసే పరీక్షలన్నీ అయిపోయాయి. రక్తపరీక్షలు బాగున్నాయి. సంతకాలు అయ్యాయి. ఈ బీపీ ఒక్కటీ చూసేసి, ఒంటిని ఆడ ఒంటిగా మార్చే హార్మోను మందు చేతికిస్తారని ఆమె కొత్త చొక్కా వేసుకుని మరీ వచ్చింది.

"ఇంత బీపీ మీద ఈ హార్మోను ఇస్తే నిప్పు మీద నూనె పోసినట్టేనమ్మా. రక్తం గడ్డ కట్టొచ్చు, పక్షవాతం రావొచ్చు. ముందు దీన్ని దించాలి."

"నాకు బీపీ లేదు మేడమ్. మా సైటులో రోజూ చూస్తారు. నూట ఇరవై, ఎనభై."

"రోజూ అంతే ఉంటుందా?"

"అంతే మేడమ్. నాకే కాదు, అందరికీ."

నర్సు ఫక్కున నవ్వింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "అందరికీ ఒకటే బీపీ ఉన్న చోటు నేనెక్కడా వినలేదమ్మా."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఎత్తు ఎక్కి పనిచేసేవాళ్ళకి పొద్దున్నే బీపీ చూడాలన్నది కంపెనీ నియమం. చూడాల్సినవాడు సేఫ్టీ గుమాస్తా. అన్నం తినేటప్పుడు కూడా నెత్తిన టోపీ తియ్యడు కాబట్టి అతన్ని అందరూ హెల్మెట్ బాబు అంటారు. రేకుల గదిలో అతని బల్ల మీద మిషను ఉంటుంది. గుమ్మం బయట క్యూ ఉంటుంది. "తాగావా? నిద్రపోయావా? సరే పో" అంటాడు, రాసేస్తాడు. మిషను మీద ప్లాస్టిక్ కవరు కొన్ననాటిదే ఉంది. నూట ఇరవై, ఎనభై. ఆ సైటులో వాళ్ళంతా ఒక తల్లి పిల్లలు.

"మీరూ అలాగే రాసెయ్యండి మేడమ్. ఎవరడుగుతారు?" అంది ఆమె. పరాచికానికి అనలేదు. బీపీ అంటే రాసేదే తప్ప కొలిచేది అనుకోలేదు ఎప్పుడూ.

"రాయడానికేం, పెన్ను నా చేతిలోనే ఉంది. నేను రాసింది చదువుకుని దిగడానికి మీ నెత్తురికి అక్షరాలు రావు కదమ్మా."

రెండు రకాల మాత్రలు రాసింది. ఒకటి నరాలు వదులు చేసేది, ఒకటి ఒంట్లో నీరు లాగేసేది. రోజూ పొద్దున్నే వెయ్యాలి, ఉప్పు తగ్గించాలి. మూడు నెలలు నిలకడగా ఉంటే ఆ రోజే హార్మోను మొదలు. "రానే రాదని చెప్పడం లేదు. ఇవాళ కాదు అంటున్నాను, అంతే" అని రెండుసార్లు చెప్పింది. మంచిది.

"మేడమ్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళని మా కంపెనీ క్రేన్ ఎక్కనివ్వదు. ఇంకెక్కడో ఒక ఆపరేటరు పైన కూర్చునే పడిపోయాడట. అప్పట్నుంచీ రూలు."

"అయితే కింద ఏదైనా పని అడగండి."

కింద పని! ఆమె చీటీ మడిచి జేబులో పెట్టుకుంది.

క్రేన్ కేబిన్ అంటే ఏముంది, ఆకాశంలో వేలాడే అద్దాల పెట్టె. కుర్చీ, రెండు పక్కలా రెండు లివర్లు, కాళ్ళ కింద కూడా అద్దమే. నిచ్చెన మీద నిచ్చెన ఎక్కి పోవాలి. ఒకసారి ఎక్కితే సాయంత్రం దాకా ఎవరూ రారు. చాలామంది ఆపరేటర్లు ఆ ఒంటరితనానికి జడిసి పని మానేస్తారు. ఆమె దానికోసమే ఎక్కింది. పైకి వెళ్ళి తలుపు వేసుకున్నాక, టిఫిను డబ్బా అడుగు గిన్నెలోంచి చెవులకి నొక్కుకునే కమ్మలు తీసి పెట్టుకునేది. ఎండకని చెప్పి పువ్వుల బట్ట ఒకటి అద్దానికి కట్టింది. ఎండ తగ్గాక అది భుజం మీదికి వచ్చేది. "అబ్బ, ఏం ఉక్కగా ఉంది తల్లీ" అని తనను తాను పలకరించుకునేది. సాయంత్రం కమ్మలు గిన్నెలోకి వెళ్ళేవి, కింద అన్న దిగేవాడు.

ఆపరేటరన్న మర్యాద కొద్దీ క్రేన్ మొదట్లో చిన్న రేకుల గది కూడా ఇచ్చారు, లోపల గడియ ఉన్న గది. మిగతా అందరూ పొడుగాటి షెడ్డులో ఒకటే వరసన మంచాల మీద పడుకుంటారు.

ఆమె లెక్క ఆమెకుంది. హార్మోను పడితే ఒళ్ళు మారేది ఒక్కరోజులో కాదు, నెలల మీద. పగలు కేబిను, రాత్రి గడియ. ఎవరు చూస్తారు? ఈ బిల్డింగు పూర్తయ్యేసరికి తనూ పూర్తవుతుంది. అప్పుడు తననెవరూ ఎరగని ఇంకో చోట, ఇంకో క్రేన్ మొదట్లో, ఆడమనిషిగా నిలబడి పని అడుగుతుంది. గూట్లో పిట్టకి రెక్కలు వచ్చేదాకా ఎవరూ రాయి వెయ్యకుండా ఉంటే చాలు.

అందుకని మర్నాటి నుంచి దొంగచాటుగా మాత్రలు మొదలుపెట్టింది. హెల్మెట్ బాబు "తాగావా?" అన్నాడు, లేదంది, నూట ఇరవై, ఎనభై పడింది.

నీరు లాగే మాత్ర వేసుకున్నవాడికి నీళ్ళూ కావాలి, మరుగూ కావాలి. కేబిన్‌లో రెండోది లేదు. మగ ఆపరేటర్లు సీసా పెట్టుకుంటారు. ఆమెకి ఆ సీసా పట్టుకోవడమంటే తన ఒంటితో తగువు పడటం. కింద మగవాళ్ళ గోడ దగ్గర నిలబడటం అంతకంటే రోత. అందుకని ఏళ్ళ తరబడి ఆమె అలవాటు ఒకటే: పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్క నీళ్ళు తాగదు. ఆ అలవాటు మీద ఈ మాత్ర పడింది. డాక్టరమ్మ అన్నీ అడిగింది గానీ, నీళ్ళు తాగుతారా అని అడగలేదు. అడగాలని ఎవరికి తడుతుంది? తాగనని చెప్పాలని ఆమెకీ తట్టలేదు.

నెల గడిచింది. నాలుక అట్టముక్కలా ఉండేది. నిచ్చెన దిగేటప్పుడు మోకాళ్ళు వణికేవి. పోనీలే, మాత్ర పనిచేస్తున్నట్టే కదా అనుకుంది.

కింద నుంచి ఆమెకు సైగ చేసేవాడిని సిగ్నల్ మామ అంటారు. యాభై దాటినవాడు, చెవుల్లో దూది, చేతిలో వాకీటాకీ, నోట్లో ఎప్పుడూ మాట. పైనున్నవాడికి కింద ఏముందో కనబడదు. మామ మాటే ఆమె కళ్ళు. ఆమెకు పైవాడని పేరు పెట్టింది కూడా అతనే.

"పైవాడా, దయ చూపించు. ఊచల కట్ట రెడీ. ఎత్తు, ఎత్తు... ఎడమకి. ఇంకా ఎడమకి. నీ ఎడమ కాదయ్యా దేవుడా, నా ఎడమ!"

"నీ ఎడమ నాకేం తెలుసు మామా, నీ బట్టతల తప్ప ఏం కనపడదు."

"తల మీద పెట్టకురా, కింద పెట్టు. మెల్లిగా అల్లుడూ, పిల్లని ఉయ్యాల్లో వేసినట్టు."

ఆ రోజు ఎండ పెళ్ళుమంటోంది. కేబిను అద్దాలు పెనంలా కాలుతున్నాయి. ఊచల కట్ట సగం దారిలో ఉండగా ఆమెకు ముందు చెవుల్లో హోరు వచ్చింది, తర్వాత అంచుల నుంచి చీకటి కమ్ముకొచ్చింది. చేతులు లివర్ల మీంచి జారాయి. చెయ్యి వదిలితే క్రేన్ దానంతటదే ఆగుతుంది కాబట్టి కట్ట కింద పడలేదు. ఆగిన విసురుకి గాలిలో ఊగింది, మామ నెత్తికి సూటిగా పైన.

"పైవాడా! దించు! వినపడుతోందా? ఒరేయ్, పలకరా! అందరూ తప్పుకోండి, తప్పుకోండి!"

ఆ కేకలు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వచ్చాయి. ఆమె తేరుకుని, కమ్మలు లాగి గిన్నెలో పడేసి, కట్టని ఎలాగో దించి, తనూ ఒక్కొక్క మెట్టూ పట్టుకుని దిగింది. కింద మామ ఎదురుచూస్తున్నాడు. మొహంలో నెత్తురు లేదు.

"తాగావురా?"

"లేదు మామా."

"ఊదు." మూతి దగ్గర ముక్కు పెట్టి చూశాడు. "మరేంటి? పైవాడు పలక్కపోతే కిందవాడి గతేం కావాలి?"

"బీపీ మాత్ర మామా. కళ్ళు తిరిగాయి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల."

"నెల్లాళ్ళుగా మాత్ర మింగి ఎక్కుతున్నావా? నాకో మాట చెప్పకుండా? కింద నిలబడేది మీ తాత కాదురా, నేను!"

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకు మామా. నీ కాళ్ళు పట్టుకుంటా. ఇవి నిలకడగా వేసుకుంటేనే నాకు అసలు మందు ఇస్తామన్నారు."

"మందు కోసం మందేంట్రా? ఏం మందది?"

నోటిదాకా వచ్చింది. మామ మంచివాడు. తన అన్నంలో సగం పెట్టిన రోజులున్నాయి, జ్వరమొస్తే పక్కన కూర్చున్న రోజులున్నాయి. కానీ పోయిన వారమే భోజనాల దగ్గర, బస్టాండులో చీర కట్టుకున్న ఒక మనిషి నడక ఎలా ఉందో అందరికీ నడిచి చూపించింది కూడా మామే. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వాల్సి వచ్చింది.

"గుండెకి మామా" అంది.

అది పూర్తిగా అబద్ధమనీ అనలేం. కానీ ఆ ఒక్క మాటతో ఆమె తన కొమ్మ తనే నరుక్కుంది.

"గుండెజబ్బా!" మామ నోరు తెరిచాడు. "ఓరి నాయనోయ్. బీపీ అయితే నోరు మూసుకుందును. గుండె పెట్టుకుని అంతెత్తు ఎక్కుతావా? ఇంక నిన్ను ఎక్కనిస్తే నేను మనిషినేనా?"

"మామా, ఆగు, అది కాదు..."

"కోపంతో కాదురా అల్లుడూ. నువ్వు పైన పోతే నేనేడుస్తా. నీ కట్ట నా మీద పడితే మా ఇంటావిడ ఏడుస్తుంది. ఆ రెండు ఏడుపుల కంటే నీ తిట్లు మేలు."

అని హెల్మెట్ బాబు గదివైపు నడిచాడు. ఆమె అక్కడే ఊచల మీద కూర్చుంది. పిలిచి ఏం చెప్పాలి? గుండె కాదని చెబితే, మరేంటో చెప్పాలి.

మర్నాడు ఆ సైటులో మొదటిసారి మిషను కవరు విప్పారు. ఇంజినీరు పక్కన నిలబడగా అందరి చేతులకీ పట్టీ చుట్టారు. పరంజా ఎక్కేవాళ్ళలో సగం మందికి ఉండాల్సిన దానికంటే ఎక్కువుంది. హెల్మెట్ బాబుకి అందరికంటే ఎక్కువుంది. "మిషను పాడైపోయిందండీ" అన్నాడతను. అంతమందిని దింపేస్తే బిల్డింగు ఎవరు కడతారు? ఆ మర్నాటికి మిషను కవరులోకి వెళ్ళింది, అందరూ మళ్ళీ ఒక తల్లి పిల్లలయ్యారు. ఆమె ఒక్కతే కింద మిగిలింది, పేరు పక్కన గుండె అన్న ముక్కతో.

కంపెనీ ఆమెను తీసెయ్యలేదు. ఊచల కట్టలకి ఇనుప తాడు చుట్టి కొక్కేనికి తగిలించే పని ఇచ్చింది. కేబిన్లోకి కొత్త కుర్రాడు వచ్చాడు. కేబినుతో పాటు రేకుల గది కూడా అతనిదే కాబట్టి, ఆమె పెట్టె షెడ్డులోకి, గుమ్మం పక్క మంచం కిందికి చేరింది. స్నానం తొట్టి దగ్గర. పొద్దుగూకే వేళకి నలభై మంది ఒక్కసారే చేరి, నీళ్ళు తోడుకుని, ఒకళ్ళ వీపు ఒకళ్ళు రుద్దుకుంటారు. ఆలస్యంగా వెళితే తొట్టిలో నీళ్ళుండవు.

వేరే చోట క్రేన్ పని అడిగింది. పాత చోట ఎందుకు దింపారని ఫోన్ చేసి కనుక్కున్నారు, వద్దన్నారు. ఆసుపత్రివాళ్ళు చెప్పిన ఇంటికీ వెళ్ళి చూసింది. తనలాంటివాళ్ళు కలిసి ఉండే ఇల్లది. హాల్లో నేల మీద కూడా జాగా లేదు.

ఆదివారం చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలు రెడీమేడ్ బట్టల షాపులో గుండీలు కుడుతుంది, మొగుడూ ఇద్దరు పిల్లలూ. సంగతంతా విని ఏడ్చింది.

"అక్కడెందుకు అన్నయ్యా ఆ కష్టం? మా ఇంటికొచ్చెయ్. పిల్లల గదిలో మంచం వేస్తా."

"వస్తానే. కానీ ఆ మందు..."

అటునుంచి కుక్కరు కూత వినబడింది. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వెలా ఉన్నావో అలాగే రా అన్నయ్యా. నాకేం లేదు. అలాగే అంటే... ఇప్పుడున్నట్టు. ఆయనకి తెలీదు కదా. పిల్లలకి మామయ్యవి కదా" అంది.

"అవునే. మామయ్యనే" అంది ఆమె.

కింద ఒక సుఖం ఉంది: మాత్రలు దాచుకోనక్కర్లేదు. గుండె మనిషని అందరికీ జాలి. "మాత్ర వేశావా అల్లుడూ?" అని పొద్దున్నే మామ షెడ్డంతా వినబడేలా అరుస్తాడు. వేసేదాకా కదలడు, గ్లాసు పట్టుకుని నిలబడతాడు. "నీళ్ళు తాగరా, ఇంకో గ్లాసు తాగు" అంటాడు. బరువు ఎత్తబోతే ఎవడో ఒకడు లాక్కుంటాడు. వంటవాడు ఆమె గిన్నెలో ఉప్పు లేకుండా వేరే తీస్తాడు. కన్నతల్లి కూడా అంత చూడదు. గోడ దగ్గరికి వెళ్ళడం కూడా అలవాటైంది. కళ్ళు మూసుకుంటే అయిపోతుంది.

గడువు ప్రకారం ఆసుపత్రికి వెళ్ళింది. నర్సు పట్టీ చుట్టింది, మిషను ఊదింది, వదిలింది. నర్సు మొహం వెలిగిపోయింది.

"అక్కా! నూట ఇరవై, ఎనభై! ఈసారి నిజంగానే!"

అక్కా అన్నా ఈసారి గుండె గంతు వెయ్యలేదు. అందుకే కాబోలు అంకె అంత చక్కగా వచ్చింది.

డాక్టరమ్మ ఇంకోసారి తనే కొలిచి, వెనక్కి వాలింది. "మీరు సాధించారమ్మా. ఇవాళే మొదలుపెడదాం." చీటీ మీద రాస్తూ చెప్పుకుపోయింది. మొదట చర్మం మెత్తబడుతుంది. రెండు మూడు నెలల్లో రొమ్ము దగ్గర నొప్పి, గట్టిదనం. అదొకసారి వస్తే మందు ఆపినా వెనక్కి పోదు.

"ఎవరికీ కనబడకుండా ఉంటుందా మేడమ్?"

"కొన్నాళ్ళు వదులు చొక్కాలు వేసుకుంటే తెలీదు."

"చొక్కా లేకపోతే?"

డాక్టరమ్మ పెన్ను ఆగింది. ఆమె తన చేతుల వంక చూసుకుంటూ చెప్పింది. ఇనుప తాడు ఒరుసుకుని అరచేతులు పగిలి ఉన్నాయి.

"మాది తొట్టి స్నానం మేడమ్. నలభై మందిమి. వీపులు రుద్దుకుంటాం. నేను గుండెజబ్బు మనిషినని నాకు మాత్రం ఇద్దరు రుద్దుతారు."

నవ్వుతుందేమో అనుకుంది నర్సు. ఆమె నవ్వలేదు.

"పై పని దొరికే దారేమైనా..."

"లేదు మేడమ్. అన్నీ చూశాను."

"మీ చెల్లెలు?"

"మామయ్యగా రమ్మంది."

డాక్టరమ్మ రాసిన చీటీని చాలాసేపు పట్టుకుంది. చించలేదు, ఇవ్వలేదు. చివరికి ఫైల్లో పెట్టి, "ఇది ఇక్కడే ఉంటుంది. ఎప్పుడొచ్చినా ఇస్తాను" అంది. ఎప్పుడు అని ఇద్దరూ అడగలేదు. బీపీ మాత్రలు మాత్రం మళ్ళీ రాసిచ్చింది. "ఇవి మానొద్దు. ఇవి ప్రాణానికి."

సైటుకి వచ్చేసరికి మధ్యాహ్నం పని మొదలైంది. మామ వాకీటాకీలో కొత్త కుర్రాణ్ణి తిడుతున్నాడు. ఆమెను చూసి తిట్టు మధ్యలో ఆపేశాడు.

"ఏమన్నారు అల్లుడూ?"

"బాగుందన్నారు మామా. నూట ఇరవై, ఎనభై."

"కొలిచి చెప్పారా, రాసిచ్చారా?"

"కొలిచారు."

"అయితే ఇంకేం!" మామ ఆమె వీపు మీద చరిచి, చుట్టూ ఉన్నవాళ్ళకి వినబడేలా కేకేశాడు. "మనవాడి బీపీ దిగిందిరోయ్! ఆ అసలు మందు కూడా ఇచ్చారా మరి?"

"ఇంక దాంతో పని లేదన్నారు."

"చూశావా? నేను కిందికి దింపబట్టే కదా!" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజమైన నీళ్ళే. "నామీద కోపం లేదుగా?"

"లేదు మామా."

"నీళ్ళు తాగి రా. ఇంకా చాలా కట్టలున్నాయి."

ఆమె నీళ్ళు తాగి వచ్చింది. ఊచల కట్ట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తాడు చుట్టి, బిగించి, కొక్కేనికి తగిలించి, పక్కకి జరిగింది. మామ "ఎత్తు" అన్నాడు. కట్ట లేచింది. ఆమె తర్వాతి కట్ట దగ్గరికి నడిచింది.